మొట్టికాయ దెబ్బ కిందకి వస్తుందా

మా మిషన్ల తాత చెవుల సంగతి ముందే చెప్పేస్తాను. తరవాత మీరు నోరెళ్ళబెడితే నా పూచీ లేదు. మూడు వీధుల అవతల ఎవరింట్లోనో కుట్టుమిషన్ తిరుగుతుంటే, ఆయన తన కొట్లో స్టూలు మీద కూర్చుని, "దాంట్లో సూది వంకరపోయింది, ఇంకో పది కుట్లకి విరుగుతుంది" అనేవాడు. పది దాకా ఎందుకు, తొమ్మిదో కుట్టుకే విరిగేది. ఒకసారి మంగలి షాపులో మొహం నిండా సబ్బు నురగతో కూర్చుని, ఎదురు మేడ మీది మిషన్ చప్పుడు విని, "పాపం, దాని గొంతు ఎండిపోయింది, రెండు చుక్కలు నూనె పొయ్యమనండి" అన్నాడట. ఆ ఇంటావిడ మెట్లు దిగొచ్చి, "మిషన్ సరే, మా ఆయన గురక సంగతేంటి, అది కూడా చెప్పండి" అంది.

"అదీ నూనె లేకే అమ్మా!"

కుట్టుమిషన్లు బాగుచేసే ఆయన కొట్టు ఎనిమిదడుగుల గది. గోడకి మేకులు, మేకులకి బెల్టులు. మందుల డబ్బాల్లో స్ప్రింగులు, సొరుగుల్లో బాబిన్లు, బల్ల మీద ఎప్పుడూ కడుపు విప్పుకుని పడుకున్న ఒక మిషన్. బడి వదిలాక ఆ కొట్లోకి ఒక పిడుగు పడేది. పిడుగంటే ఆయన మనవరాలు, ఏడేళ్ళది. పుట్టినప్పుడు పెట్టిన కేకకి ఆస్పత్రి ఆయా చేతిలో పళ్ళెం జారిపడిందని ఆ పేరు. దాని నాన్న లారీ నడుపుతాడు, వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అమ్మ, అంటే తాతగారి కూతురు, బట్టల ఫ్యాక్టరీలో అరవై మిషన్లకి సూపర్‌వైజరు. ఆమె డ్యూటీ దిగి వచ్చేదాకా పిడుగు తాత దగ్గరే.

ఇద్దరికీ ఒక ఆట ఉండేది. తాత మిషన్ తొక్కుతాడు, పిడుగు జబ్బు చెప్తుంది. ఎదురుగా నిలబడి, రెండు చేతులూ బల్ల మీద పరిచి, కళ్ళు మూసుకుని, "కింద వదులైంది తాతా" అనేది. విప్పి చూస్తే నిజంగానే కింద మర వదులై ఉండేది. వచ్చినవాళ్ళందరికీ తాత అదే చెప్పేవాడు. "నా ఆస్తి ఏముంది చెప్పు, ఈ రెండు చెవులే. అవి దీనికి రాసిచ్చేశాను."

అంత చెవులున్న పిల్ల పిలిస్తే పలికేది కాదు. వెనకనుంచి పిలిస్తే అసలు కాదు. పక్క టీ కొట్టామె, "ఏమ్మా, చెవిలో దూది పెట్టుకున్నావా?" అనేది. బడినుంచి ఉత్తరం వచ్చింది, చెప్పింది పెడచెవిన పెడుతోందని. తాతకి మాత్రం ఏ చింతా లేదు. "దానికి వినబడక కాదు, వినబుద్ధి కాక. నా కూతురూ అంతే, దాన్ని కన్న మా ఆవిడా అంతే. మా ఇంటి ఆడవాళ్ళకి చెవులకి తలుపులుంటాయి" అని నవ్వేసి, నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసేవాడు.

మొట్టికాయ గురించి కూడా ఒక మాట. లోకంలో ఏ కాయైనా చెట్టుకి కాస్తుంది, తీగకి కాస్తుంది, లేదంటే భూమిలో ఊరుతుంది. ఇదొక్కటే పెద్దవాళ్ళ వేళ్ళ కణుపులకి కాస్తుంది, చిన్నవాళ్ళ నెత్తిన పండుతుంది. తాతకి పని నేర్పిన గురువు రోజుకి డజను పెట్టేవాడట. "ఆ కాయలు తినే నా చెవులు పదునెక్కాయి" అని తాత అనేవాడు. అందుకే దాన్ని ఎవరూ దెబ్బ కింద జమకట్టరు. చెంపదెబ్బ దెబ్బ, బెత్తం దెబ్బ దెబ్బ. మొట్టికాయ మాత్రం కాయ. సగం కోపం, సగం ముద్దు.

ఆ సోమవారం వేసింది అలాంటిది కాదు.

ఫ్యాక్టరీనుంచి వచ్చిన మోటారు మిషన్ ఒకటి ఆ రోజు బాగుకి ఉంది. తాత దాన్ని ఆన్ చేసి, వెనక సొరుగులో స్క్రూ వెతుకుతున్నాడు. తిరిగి చూసేసరికి పిడుగు మిషన్ పక్కన వంగి, కింద పడ్డ బాబిన్ తీసుకుంటోంది. దాని జడ చివర బెల్టుకి జానెడు దూరంలో ఊగుతోంది. తాత గొంతు చించుకుని అరిచాడు. పిడుగు తల తిప్పలేదు. ఇంకా కిందికి వంగింది. ఆయన ఒక్క దూకు దూకి, జబ్బ పట్టి ఇవతలికి లాగి, మిషన్ ఆపి, ఆ భయమంతా పిడికిట్లోకి వచ్చి, దాని నెత్తి మీద మొట్టాడు. వేళ్ళ కణుపులు ఆయనకే నొప్పెట్టాయి.

అది ఏడవలేదు. ఆయన మోకాళ్ళు రెండూ పట్టుకుంది.

"తాతా, కొట్టు తిరుగుతోంది."

"కొట్టు కాదే, నీ బుర్ర తిరుగుతోంది. పిలిస్తే పలకవేం?"

"నువ్వెప్పుడు పిలిచావు?"

"చూశారా, మళ్ళీ ఎదురు ప్రశ్న!" అన్నాడు ఎవరూ లేని కొట్టుతో. కానీ పిల్ల మొహం తెల్లబోయి ఉంటే ఆయనకి మనసు ఒప్పలేదు. టీ కొట్టునుంచి బిస్కెట్ పొట్లం తెచ్చిపెట్టి, పక్కన గొంతుక్కూర్చుని బతిమాలాడు. "అమ్మకి చెప్పకేం. దెబ్బ కాదుగా, మొట్టికాయేగా?"

"మొట్టికాయే" అంది పిడుగు, బిస్కెట్ నములుతూ.

మర్నాడు బడినుంచి వచ్చి, బల్ల ముందు నిలబడి, తాత మిషన్ తొక్కుతుంటే అటూ ఇటూ చూసింది. "తాతా, మిషన్‌కి గొంతు పోయింది" అంది.

తాత పకపకా నవ్వాడు. ఇంత బాగా మాట్లాడే పిల్ల ఇంకోటుందా అని టీ కొట్టామెకి కూడా చెప్పాడు. ఆ నవ్వు తరవాత ఆయన్ని ఎంత కాల్చిందో చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు.

బుధవారం పొద్దున్న కూతురు పిల్లని స్కూటర్ మీద బడికి తీసుకెళ్తుంటే కుక్క అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు వేసింది. వెనక కూర్చున్న పిల్ల తల తల్లి వీపుకి కొట్టుకుంది. గురువారం బడివాళ్ళే ఫోన్ చేశారు. గంట మోగినా, అందరూ లేచినా పాప లేవడం లేదు, ఒకసారి చెవులు చూపించండి అని.

ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వినికిడి పరీక్ష గది చిన్నది, గోడలకి మెత్తటి చెక్కలు. పిల్ల ఒంటరిగా కూర్చోనంటే తాతని కూడా లోపల కూర్చోబెట్టారు, కదలొద్దు, మాట్లాడొద్దు అని. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి రంగు ఉంగరాలు ఇచ్చారు. చప్పుడు వినబడినప్పుడల్లా ఒక ఉంగరం పుల్లకి తొడగాలి. పిడుగు ఎర్ర ఉంగరం బుగ్గకి ఆనించుకుని, ఎప్పుడెప్పుడా అని ఎదురుచూస్తూ కూర్చుంది.

అద్దం అవతలమ్మాయి చప్పుడు పెంచుకుంటూ పోయింది. చివరికి అది హెడ్‌ఫోన్ అంచుల్లోంచి సన్నగా కీచుమంటూ బయటికి కారింది. రెండడుగుల దూరంలో కూర్చున్న తాతకి వినబడింది. ఒకసారి. రెండోసారి. పిడుగు ఉంగరం బుగ్గ మీదే ఉంది. మంచి పిల్లలా ఎదురుచూస్తోంది.

కాలితో దాని కాలు తట్టి, ఇప్పుడు వెయ్యవే అని చెప్పాలనిపించింది ఆయనకి. ఆ పరీక్షలో దొంగతనంగా నెగ్గించాలనిపించింది. కాళ్ళు రెండూ కుర్చీ కిందికి లాక్కుని కూర్చున్నాడు.

స్కాన్ తీశారు. చెవుల డాక్టరమ్మ ఆ ఫోటోని వెలుతురు పెట్టె మీద పెట్టి చూపించింది. "లోపలి చెవిలోంచి ఒక సన్నటి కాలవ పోతుంది. పాపకి పుట్టుకతోనే అది ఉండాల్సిన దానికంటే వెడల్పుగా ఉంది, రెండు చెవుల్లోనూ. ఇలాంటి పిల్లలకి వినికిడి మెట్లు దిగినట్టు దిగుతుంది. కొన్నాళ్ళు నిలుస్తుంది, మళ్ళీ ఒక మెట్టు. మీరెవరూ చేసింది కాదు."

"దిగింది మళ్ళీ ఎక్కదా డాక్టర్?" అంది కూతురు.

"కొంత ఎక్కొచ్చు. ఎక్కకపోవచ్చు కూడా. ఇప్పుడు చెవులకి వినికిడి మిషన్లు పెడదాం. ఇంకా దిగితే ఆపరేషన్ దారి ఉంది. జాగ్రత్త మాత్రం ఒకటే, తల. ఇలాంటి చెవులకి తల మీద చిన్న దెబ్బ కూడా ఒక మెట్టు దింపగలదు. ఒక్కోసారి జ్వరానికీ దిగుతుంది, ఒక్కోసారి ఏమీ లేకుండానే దిగుతుంది. ఈ మధ్య తలకి ఏమైనా దెబ్బ తగిలిందా? ఎంత చిన్నదైనా సరే."

కూతురు కుర్చీ అంచుకి జరిగింది. "బ్రేకు వేశాను" అంది. "స్కూటర్. నిన్న. నా వీపుకి తల కొట్టుకుంది. నేనే."

డాక్టరమ్మ రాసుకుంది. "ఇంకేమైనా?"

కూతురు తండ్రి వైపు చూసింది. తాత గోడ మీది చెవి బొమ్మలో నత్తగుల్లలాంటి దాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. నోరు తెరిచాడు. దెబ్బ అని అడిగింది కదా, అనుకున్నాడు. మొట్టికాయ అని అడగలేదు కదా. నోరు మూసుకున్నాడు.

ఆ మాట ఆయన్ని ఇంటిదాకా మోసుకొచ్చింది. ఇంటి గుమ్మం దగ్గర దింపేసి పోయింది.

అప్పటినుంచి చూడండి ఆ ఇంటి అవస్థ. కూతురు స్కూటర్ తాళం తీసి బీరువాలో పెట్టేసింది. రెండు మైళ్ళు పిల్లని నడిపించుకెళ్ళేది. ఫ్యాక్టరీనుంచి తెచ్చిన నురగ ముక్కలు లోపల పెట్టి టోపీ కుట్టింది. ఎండలోనూ అదే టోపీ. ఉయ్యాల వద్దు, మెట్లు వద్దు, బంతి వద్దు. బడికి ఒక కాగితం రాసిచ్చింది, ఒక కాపీ తన దగ్గర పెట్టుకుంది. తల కిందులుగా నిలబెట్టకూడదు. బంతులాట ఆడించకూడదు. జారుడు బల్ల ఎక్కనివ్వకూడదు. అలా ఆరు. చెవుల వెనక మిషన్లు వచ్చాక పిడుగు కొంచెం కొంచెం వినడం మొదలుపెట్టింది. కూతురు మాత్రం నవ్వడం మానేసింది. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "ఆ కుక్క పోతే పోయిందని గుద్దేయాల్సింది నాన్నా" అనేది.

"నీ తప్పేం లేదే అమ్మా" అనేవాడు తాత. నిజమే చెప్తున్నాడు. అందులో సగమే చెప్తున్నాడు.

కొట్లో కూడా ఆయన చెయ్యి తిన్నగా లేదు. ఒక పెళ్ళి బట్టల ఆర్డరున్న దర్జీ మిషన్‌కి సూది వెనక్కి తిప్పి బిగించి పంపాడు. అది జాకెట్టు గుడ్డ మింగేసింది. దర్జీ వచ్చి, "తాతా, చెవులు అరువిచ్చావా ఎవరికైనా?" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే తాత వెంటనే ఒక కోత కోసేవాడు. ఆ రోజు, "తెచ్చివ్వు, మళ్ళీ చేస్తాను" అన్నాడంతే.

అన్నట్టు మొదట్లో మూడు వీధులన్నాను. అంత లేదు లెండి. ఒకటే వీధి, అదీ కిటికీలు తీసి ఉంటే. తొమ్మిదో కుట్టు కూడా కాస్త సాగదీశాను. ఇంకా చెప్పాలంటే ఆయన చెవులు మీ చెవుల్లాంటివే, నా చెవుల్లాంటివే. నలభై ఏళ్ళుగా ఒకటే చప్పుడు వింటే ఎవరికైనా అది మాతృభాష అయిపోతుంది, అంతే. ఆ భాష తప్ప ఇంకేమీ రాదని ఆయనకి ఒక సాయంత్రం తెలిసింది. కొత్త మిషన్లు చెవులకి పెట్టుకుని పిడుగు మళ్ళీ ఆటకి నిలబడింది. తాత తొక్కుతున్నాడు. అది ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

"ఏమైందే?"

"ఇంత పెద్ద చప్పుడు వస్తోంది తాతా."

"రాదా మరి? ఇన్నాళ్ళూ విన్నది చప్పుడేగా?"

"ఇన్నాళ్ళూ సన్నగా వినబడేది. జబ్బు మాత్రం చేత్తో వినేదాన్ని." అరచేయి బల్ల మీద పెట్టి చూపించింది. "ఇలా. వదులైతే ఇక్కడ గిలిగింత పెట్టేది. నువ్వు కూడా అంతే కదా?"

"అంతే" అని నోటితో అన్నాడు తాత, తల మాత్రం అడ్డంగా ఊపుతూ.

దాని కళ్ళు ఎప్పుడూ తన పెదవుల మీదే ఎందుకుండేవో, వెనకనుంచి పిలిస్తే ఎందుకు పలికేది కాదో అప్పుడు అర్థమైంది. పిల్ల ఏళ్ళ తరబడి ఎదురుగా నిలబడి చెప్తున్న సంగతిని, అంత చెవులున్న ఆయనే వినలేదు. వినకపోగా, వినలేదని దాన్నే మొట్టాడు.

అయినా చెప్పలేదు. నోటిదాకా వచ్చేది. కూతురు మొహం చూసేవాడు. ఇది తెలిస్తే పిల్లని ఇక కొట్టుకి పంపదు. పిడుగు పడని కొట్టుని తలుచుకుంటే ఆయనకి మాట వెనక్కిపోయేది. రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా. ముసలివాడికి రేపులు ఎన్నుంటాయి చెప్పండి? ఆయన మాత్రం నలభై ఖర్చుపెట్టాడు.

నలభయ్యో రోజు సాయంత్రం పిడుగు బడినుంచి వచ్చి టోపీ తీసి, నెత్తి రాసుకుంది.

తాత చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఏమైంది? ఎవరైనా కొట్టారా?"

"లేదు తాతా."

"పడ్డావా?"

"లేదు. డ్రిల్లు సార్ మా లైనులో అందరికీ తలా ఒకటి వేశారు. వంకరగా నిలబడ్డామని." తాత మొహం చూసి, ఆయనకి ధైర్యం చెప్పడానికి కాబోలు, నవ్వింది. "దెబ్బ కాదుగా తాతా. మొట్టికాయేగా."

కాగితంలో ఆరు ఉన్నాయి. ఆ ఆరింట్లో అది లేదు. ఉండాలని తెలిసినవాడు ఈ భూమ్మీద ఒక్కడే, వాడు స్టూలు మీద కూర్చున్నాడు.

"కొట్టు తిరుగుతోందా? తల తిరుగుతోందా? ఇటు చూడు. నా మాట వినబడుతోందా?"

"అరవకు తాతా, వినబడుతోంది."

పిల్లని టీ కొట్టామెకి అప్పగించి, "పరిగెత్తనివ్వకు తల్లీ" అని చెప్పి, చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా బట్టల ఫ్యాక్టరీకి బయల్దేరాడు. వాచ్‌మన్‌కి ఆయన తెలుసు. "ఏ లైనులో మిషన్ పడుకుంది తాతా?" అన్నాడు.

"నేనే పడుకున్నా, తలుపు తియ్యి."

హాల్లో అరవై మిషన్లు. అరవై సూదులు. నేల అదురుతోంది. కూతురు చేతిలో చొక్కా కాలరు పట్టుకుని ఒకమ్మాయికి కుట్టు చూపిస్తోంది. తండ్రిని చూసి పరిగెత్తుకొచ్చింది. "పిల్లకేమైంది?"

"ఏం కాలేదు. టీ కొట్టు దగ్గరుంది. నీకో మాట చెప్పాలి."

"ఇక్కడికొచ్చి?"

"అనగనగా ఒక ముసలాడున్నాడు…"

"నాన్నా, కథలొద్దు. ఇంకా రెండొందల చొక్కాలు దిగాలి."

తాత గొంతు సవరించుకుని చెప్పాడు. మిషన్ల హోరులో ఆమెకి అందలేదు. ఇంకా గట్టిగా చెప్దామని ఊపిరి పీల్చి అరిచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. అరవై మిషన్లూ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన గొంతొక్కటే హాలంతా తిరిగింది.

"పిల్ల నెత్తి మీద మొట్టింది నేనే!"

అరవై మందీ తలలు తిప్పారు. కూతురు ఆయన చెయ్యి పట్టి గుడ్డ తాన్ల వెనక్కి లాక్కెళ్ళింది.

"ఎప్పుడు?"

"సోమవారం. బెల్టు దగ్గర వంగింది, భయమేసి గట్టిగా మొట్టాను. మర్నాడు మిషన్‌కి గొంతు పోయింది తాతా అంది. నేను నవ్వాను."

"నా బ్రేకు…"

"బుధవారం. అప్పటికే అయిపోయిందమ్మా."

ఆమె కాలరు గుడ్డని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "డాక్టరమ్మ అడిగినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు."

"ఉన్నాను."

"ఎంత చిన్న దెబ్బైనా అంది."

"మొట్టికాయ దెబ్బ అనుకోలేదు." తాత ఆగాడు. "కాదు. అనుకున్నాను. అందుకే చెప్పలేదు."

"నలభై రోజులు నాన్నా. రోజూ ఆ కుక్క కల్లోకొచ్చింది."

  తాత డ్రిల్లు సార్ సంగతి చెప్పాడు. ఆమె వెంటనే జేబులోంచి బడి కాగితం కాపీ తీసి, గుడ్డ తాను మీద పెట్టి, ఆరో దాని కింద ఏడోది రాసింది. నెత్తి మీద మొట్టకూడదు. ముద్దుకి కూడా.

"రేపు బడికి నువ్వే తీసుకెళ్ళు. ఎందుకు రాశామో నీ నోటితో చెప్పు. డాక్టరమ్మకి కూడా నువ్వే చెప్పాలి. ఇంకోసారి పరీక్ష చేయించాలి."

"చెప్తాను. పిల్లని కొట్టుకి…"

"ఇప్పుడు నన్నేమీ అడక్కు. వెళ్ళు."

ఆయన వెళ్ళాడు. మర్నాడు డ్రిల్లు సారుకి చెప్పాడు. ఆ సారు, "అయ్యో, అదీ ఒక దెబ్బేనా అండీ!" అని నోరు నొక్కుకున్నాడు. పరీక్షలో ఈసారి మెట్టు దిగలేదు. డాక్టరమ్మ అంతా విని, అప్పటి మెట్టు మీ చేతివల్లే దిగిందని ఎవరూ చెప్పలేరు, ఏమీ చేయకపోయినా దిగేదేమో అంది. ఆ మాట ఆయన విన్నాడు, కానీ తీసుకోలేదు. వారంపాటు పిల్ల కొట్టుకి రాలేదు. తరవాత వచ్చింది, తల్లితో. తల్లి స్టూలు లాక్కుని గుమ్మంలో కూర్చుంది, పిల్లనీ తండ్రి చేతుల్నీ మార్చి మార్చి చూస్తూ. ఇప్పటికీ అలాగే కూర్చుంటుంది.

ఇక ఒక సంగతి ఒప్పుకోవాలి. సరిగ్గా అప్పుడే కరెంటు పోయిందని చెప్పాను చూడండి, అది నా కల్పన. కథ కదా, ఒక్కసారైనా కరెంటు పోకపోతే ఎలా అనుకున్నాను. కరెంటు పోలేదు. అరవై మిషన్లూ తిరుగుతూనే ఉన్నాయి. ఆ మాట ఆయన నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. మొదటి మూడుసార్లూ కూతురు చెవి వెనక చెయ్యి పెట్టుకుని, "వినబడట్లేదు నాన్నా, ఇంకోసారి చెప్పు" అంటూనే ఉంది.